ఏ రిపోర్టు కోసం ఆగాలి?

మా మేనమామకు పక్షవాతం వచ్చిన రోజు ఉదయం 6 గంటల 20 నిమిషాలకు అత్తమ్మ ఫోను చేసి, "బిడ్డా, మీ మామ మూతి ఒక పక్కకు పోయింది, మాట వస్తలేదు" అన్నది. బోరు మోటారు వేద్దామని పొలానికి పోయిన మనిషి స్టార్టరు డబ్బా దగ్గరే కూలబడితే, పక్క చేను రైతు చూసి, ఇంకొకరి సాయంతో మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని ఇంటికి తెచ్చాడు. నేను హైదరాబాదులో ఒక ఆసుపత్రి ల్యాబులో, బయోకెమిస్ట్రీ విభాగంలో, పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంకెక్కడా ఆగకుండా సీటీ స్కాన్ ఉన్న చోటికి తీసుకుపొమ్మని చెప్పాను. అయినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైను సీసా సగం ఎక్కేదాకా ఆగారు. బండి దొరికి నల్లగొండ జిల్లాలోని ఆ ఊరి నుంచి నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి చేరేసరికి 8 గంటల 50 నిమిషాలయింది. 9 గంటల 10 నిమిషాలకల్లా స్కాన్ అయిపోయింది. మెదడులో రక్తస్రావం లేదు, అంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. కానీ ఇంజెక్షన్ మొదలైంది 9 గంటల 52 నిమిషాలకు. మధ్యలో గడిచిన 42 నిమిషాలు "రిపోర్టులు రానీయండి" అన్న మాట కోసం పోయాయి.

ఆ రిపోర్టులు రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పే ఐఎన్‌ఆర్, గడ్డకట్టడానికి తోడ్పడే కణాలైన ప్లేట్‌లెట్ల లెక్క, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. ప్రతిరోజూ నా చేతుల మీదుగా వెళ్లేవే. మామయ్య రక్తం పలచబడే మందులు ఎప్పుడూ వాడలేదు, అసాధారణంగా రక్తస్రావమైన చరిత్ర లేదు, వారం రోజుల్లో జ్వరం కూడా లేదు. అలాంటి రోగికి ఇంజెక్షన్ కంటే ముందు తప్పనిసరిగా చూడవలసిన రక్తపరీక్ష ఒక్కటే, అది చక్కెర. వేలి చివర సూదితో గుచ్చి నిమిషంలో చూసే గ్లూకోజు పరీక్ష. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ కలిసి ఇచ్చిన 2019 మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. చక్కెర బాగా పడిపోయినా మూతి వంకరపోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు. గ్లూకోజు ఎక్కిస్తే ఆ మనిషి లేచి కూర్చుంటాడు, కాబట్టి అది చూడకుండా ముందుకు పోకూడదు. మిగతా పరీక్షలకు రక్తం తీసి పంపాలి గానీ, రోగి చరిత్రలో అనుమానించవలసిన కారణమేదీ లేనప్పుడు వాటి కోసం ఇంజెక్షన్ ఆపకూడదు.

మామయ్యకు మాట చాలావరకు వచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ 42 నిమిషాలు పోకపోతే చెయ్యి వచ్చేదని నేను చెప్పలేను, అలా ఎవరూ చెప్పలేరు. అయితే పెద్ద నాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీ కణాలు, చనిపోతాయని 2006లో అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ కట్టిన లెక్క ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. రక్తపరీక్షలే వృత్తిగా బతికే నాకు, ఒక రక్తపరీక్ష మనిషికి అడ్డుపడగలదన్న ఎరుక ఇంట్లో మనిషి మీదుగా వచ్చింది. ఆ తరువాతే పక్షవాతం చికిత్సలో రక్త సూచికల మీద, అంటే జబ్బు జాడ చెప్పే రక్తంలోని పదార్థాల మీద, జరుగుతున్న పరిశోధనను పట్టుదలగా చదవడం మొదలుపెట్టాను. నా వాదన ఒక్కటే. పక్షవాతానికి కొత్త రక్తపరీక్ష ఏది వచ్చినా, అది ఎంత కచ్చితమైనదని అడిగే ముందు, ఎక్కడ చేస్తారు, దాని ఫలితం చూసి ఏ పని ముందుకు జరుగుతుంది అని అడగాలి. రోగిని ఒక్క నిమిషమైనా ముందుకు జరపలేని పరీక్ష ఈ జబ్బులో పరీక్ష అనిపించుకోదు.

పక్షవాతం అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు జబ్బులు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడి ఆ భాగం ఎండిపోవడం ఒకటి, నాళం చిట్లి మెదడులోనే రక్తం చేరడం మరొకటి. మన దేశంలో స్థూలంగా ఐదుగురిలో నలుగురికి మొదటిది, ఒకరికి రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. మొదటిదానికి ఇవ్వవలసిన ఇంజెక్షన్ రెండోదానికి ఇస్తే ప్రాణం తీస్తుంది. 1995లో అమెరికాలో వెలువడిన ఎన్ఐఎన్‌డీఎస్ అధ్యయనంతో ఆల్టిప్లేజ్ అనే ఆ మందు నిలబడింది. అందులో మందు తీసుకున్నవారిలో 6.4 శాతం మందికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం జరిగింది, తీసుకోనివారిలో అది 0.6 శాతమే. రక్తస్రావం లేదని ముందే స్కాన్‌లో చూసి ఇచ్చినవారిలోనే ఇంత ఉన్నప్పుడు, చూడకుండా ఇవ్వడమన్న మాటే లేదు. సీటీ స్కాన్ లేని చోట ఈ చికిత్స మొదలుకాలేకపోవడానికి కారణం ఇదే.

ఆలస్యం ఖరీదు ఎంతో చూపే లెక్క కూడా ఉంది. 9 అధ్యయనాల్లోని 6756 మంది రోగుల వివరాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణ ప్రకారం, మొదటి 3 గంటల్లో మందు అందినవారిలో నూటికి దాదాపు 33 మంది ఏ వైకల్యమూ లేకుండా, లేదా చెప్పుకోదగ్గ వైకల్యం లేకుండా బయటపడ్డారు. అదే సమయంలో మందు అందనివారిలో అలా బయటపడ్డవారు 23 మంది. 3 నుంచి 4.5 గంటల మధ్య ఈ తేడా 35కి 30గా కుదించుకుపోయింది. నూటికి పదిమందికి దక్కవలసిన మేలు గంటన్నర జాప్యంతో ఐదుగురికి పడిపోతోంది.

గుండెనొప్పికి ట్రోపోనిన్ పరీక్ష ఉన్నట్టు పక్షవాతానికి రక్తపరీక్ష ఎందుకు లేదని మా ల్యాబు కిటికీ దగ్గర బంధువులు చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అందులో ఒక అపోహ ఉంది. గుండెకు పోయే నాళం పూర్తిగా మూసుకుపోయిన రోగిని, నాళంలోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబుకు పంపేది ఈసీజీ, ట్రోపోనిన్ కాదు. ఆ ప్రోటీను రక్తంలో తగినంత పెరగడానికి సమయం పడుతుంది కాబట్టి ఈసీజీ స్పష్టంగా ఉన్నప్పుడు దాని కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు. మెదడు విషయంలో ఈసీజీ పాత్రను సీటీ స్కాన్ పోషిస్తోంది. తేడా అల్లా, ఈసీజీ యంత్రాన్ని సంచిలో పెట్టుకొని ఊరికి పోవచ్చు, సీటీ యంత్రాన్ని తీసుకుపోలేము. జర్మనీలోని హోంబుర్గ్‌లో క్లాస్ ఫాస్‌బెండర్ బృందం 2008లో అంబులెన్సులోనే సీటీ యంత్రం బిగించి చూపింది, మన దేశంలో అస్సాంలో ఐసీఎంఆర్ అలాంటి బండిని నడిపింది. అవి గొప్ప పనులే. కానీ ప్రతి మండలానికి అలాంటి బండి ఒకటి వచ్చేదాకా ఏం చేయాలన్న ప్రశ్నకు అవి జవాబు కావు.

రక్తంలో పక్షవాతం ఆనవాళ్లు వెతకడం కొత్త ప్రయత్నం కాదు. ఎంఎంపీ-9, బీఎన్‌పీ, డీ-డైమర్, ఎస్100బీ అనే నాలుగు రక్త సూచికలనూ కలిపి ఒకే స్కోరుగా మార్చి, 17 కేంద్రాల్లో 1146 మంది రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. పక్షవాతాన్ని దానిలా కనిపించే ఇతర జబ్బుల నుంచి వేరుచేయగల శక్తికి వచ్చిన కొలత 0.69. బొమ్మా బొరుసూ వేస్తే వచ్చేది 0.5, తప్పే లేని పరీక్షకు 1. ఆ విలువతో అత్యవసర విభాగంలో ఏ డాక్టరూ ఏ నిర్ణయమూ తీసుకోలేడు. ఆ ప్రయత్నం వృథా అని నేననను. నాకు అర్థమైనంతలో అక్కడ ప్రశ్నే పొరపాటు. "ఇది పక్షవాతమా, కాదా" అని రక్తాన్ని అడిగారు. మూతి, చెయ్యి, మాట చూసి ఆ ప్రశ్నకు తర్ఫీదు పొందిన అంబులెన్సు సిబ్బందే చాలావరకు జవాబు చెప్పగలరు. వాళ్లు చెప్పలేనిది, స్కాన్ లేకుండా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేనిది, "గడ్డా, రక్తస్రావమా" అన్నదే.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ఒక ప్రోటీను ఉంది. దాని పొట్టి పేరు జీఎఫ్‌ఏపీ. మెదడులో న్యూరాన్లను కనిపెట్టుకొని ఉండే నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్ కణాలకు అది ఇంట్లో దూలం లాంటిది, కణం ఆకారాన్ని లోపలి నుంచి నిలబెడుతుంది. దూలం ఇల్లు కూలితేనే వీధిలో పడుతుంది. నాళం చిట్లి రక్తం దూసుకొచ్చినప్పుడు ఆ తాకిడికి కణాలు అక్కడికక్కడే చిరిగిపోయి, జీఎఫ్‌ఏపీ తొలి గంట, రెండు గంటల్లోనే రక్తంలోకి చేరుతుంది. గడ్డ అడ్డుపడినప్పుడు అదే కణాలు ఆకలితో మెల్లగా చనిపోతాయి, వాటి గోడలు పగలడానికి చాలా గంటలు పడుతుంది. కాబట్టి మరునాడు చూస్తే రెండు జబ్బుల్లోనూ అది పెరిగే ఉండవచ్చు గానీ, మొదటి గంటల్లో చూస్తే ఒకదానిలోనే పెరిగి ఉంటుంది. ఇన్నేళ్ల ల్యాబు పనిలో, ఆలస్యంగా చేస్తే విలువ పోయే పరీక్షలు చాలా చూశాను గానీ, తొందరగా చేయడమే దాని అసలు అర్థమైన పరీక్షను ఇంతకుముందు చూడలేదు.

జర్మనీలో క్రిస్టియన్ ఫోర్ష్ బృందం 2012లో 205 మంది రోగుల మీద ప్రచురించిన ఫలితాల్లో, లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు తీసిన రక్తంలో జీఎఫ్‌ఏపీ పరీక్ష రక్తస్రావాల్లో 84.2 శాతాన్ని పట్టుకుంది. రక్తస్రావం లేనివారిలో 96.3 శాతం మందిని సరిగ్గా లేదని చెప్పింది. ఈ శాతాలను మన అంబులెన్సులోకి దింపి చూద్దాం. పక్షవాతంతో 100 మంది వచ్చారనుకుందాం, అందులో 20 మందికి రక్తస్రావం. పరీక్ష ఆ 20లో 17 మందిని పట్టుకుంటుంది, ముగ్గురిని వదిలేస్తుంది. మిగతా 80 మందిలో ముగ్గురిని పొరపాటున రక్తస్రావమని చెబుతుంది. "రక్తస్రావం" అని చెప్పిన 20 మందిలో 17 మందికి నిజంగానే ఉన్నది కాబట్టి ఆ మాటను చాలావరకు నమ్మవచ్చు. "రక్తస్రావం లేదు" అని చెప్పిన 80 మందిలో ముగ్గురికి ఉన్నది. ఆ ముగ్గురి మెదడులోకి గడ్డను కరిగించే మందు పంపడానికి నా చెయ్యి ముందుకు రాదు. కాబట్టి ఈ పరీక్ష సీటీ స్కాన్‌ను తీసేసి దాని చోట కూర్చోలేదు, అలా కూర్చోబెట్టాలని ఎవరైనా తొందరపడితే వ్యతిరేకించాలి. చిన్న రక్తస్రావాలు దీనికి దొరకవు, వయసు పెరిగేకొద్దీ ఈ ప్రోటీను మామూలుగానే కొంత ఎక్కువగా ఉంటుంది, తలకు దెబ్బ తగిలినా పెరుగుతుంది.

మరి "రక్తస్రావం ఉంది" అన్న ఆ నమ్మదగిన మాటతో దారిలో చేయగలిగిన పని ఏమైనా ఉందా? కొన్నేళ్ల క్రితం అడిగి ఉంటే అంత గట్టిగా చెప్పలేకపోయేవాణ్ణి. 2024లో చైనా నుంచి ఇంటరాక్ట్-4 అనే అధ్యయనం వచ్చింది. పక్షవాతం అనుమానంతో, బాగా పెరిగిన బీపీతో ఉన్న 2404 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అంబులెన్సులోనే బీపీ తగ్గించే మందు ఇచ్చారు. మొత్తం మీద చూస్తే రెండు జట్లకూ తేడా లేదు. కానీ తరువాత స్కాన్‌లో తేలినదాన్ని బట్టి విడదీసి చూస్తే, రక్తస్రావం అయినవారికి ఆ మందు మేలు చేసింది, గడ్డ అడ్డుపడినవారికి కీడు చేసింది. ఒక మేలూ ఒక కీడూ కలిసి మొత్తం లెక్కలో సున్నా అయిపోయాయి. ఈ ఫలితం చదివిన రాత్రి నేను చాలాసేపు మేలుకొని ఉన్నాను. ఆ బండ్లలో 15 నిమిషాల్లో జవాబిచ్చే జీఎఫ్‌ఏపీ పరీక్ష ఉండి ఉంటే ఆ మందు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చాలావరకు తెలిసేది. రోగిని న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకుపోవాలన్న నిర్ణయానికీ, రక్తం పలచబడే మందు వాడుతున్నవారికి విరుగుడు సిద్ధం చేయమని ముందే ఫోను చేయడానికీ అదే ఫలితం పనికొస్తుంది. పరీక్ష ఫలితం రోగిని ముందుకు జరపడమంటే నా ఉద్దేశం ఇదే.

ఇక గడ్డ సంగతి. జీఎఫ్‌ఏపీ కణం కూలిన వార్త అయితే, డీ-డైమర్ గడ్డ నుంచే ఊడిపడ్డ ముక్క. రక్తం గడ్డకట్టినప్పుడు ఫైబ్రిన్ అనే ప్రోటీను దారాలు ఒకదానికొకటి ముడిపడతాయి. గడ్డ ఏర్పడుతున్నప్పుడే శరీరం దానిని కొరకడం కూడా మొదలుపెడుతుంది, ఆ కొరికిన ముక్కల్లో ముడి విడిపోని జంటే డీ-డైమర్. మెదడులోని పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఉంటే రక్తంలో దాని ముక్కలు ఎక్కువగా ఉంటాయన్నది ఆశ. ఇబ్బంది ఏమిటంటే న్యుమోనియా వచ్చినా, కాన్పు అయినా, క్యాన్సరు ఉన్నా, కాలిలో గడ్డకట్టినా డీ-డైమర్ పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో ఈ పేరు ఇంటింటికీ తెలిసింది, ఆ రిపోర్టు పట్టుకొని భయపడనివారు లేరు. ఒంటరిగా చూస్తే అది దేనికీ సాక్ష్యం కాదు. కానీ 2024లో అమెరికాలోని ఫ్లోరిడాలో 323 మంది రోగుల మీద జాషువా బెర్న్‌స్టాక్ బృందం జీఎఫ్‌ఏపీని, డీ-డైమర్‌ను, రోగిలో కనిపించే లక్షణాల స్కోరును కలిపి చూసినప్పుడు, పెద్ద నాళం మూసుకుపోయినవారిని 81 శాతం పట్టుకోగలిగారు, అలా మూసుకుపోనివారిని 93 శాతం సరిగ్గా వేరుచేయగలిగారు. ఒక్కొక్కటిగా బలహీనమైన మూడు సాక్ష్యాలు కలిస్తే బలం వచ్చింది.

పెద్ద నాళం సంగతి ముందే తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఆ గడ్డకు ఇంజెక్షన్ తరచుగా సరిపోదు. 8 మిల్లీమీటర్ల కంటే పొడవైన గడ్డ ఇంజెక్షన్‌కు దాదాపుగా కరగదని 2011లో జర్మనీ పరిశోధకులు చూపారు. అప్పుడు గజ్జ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, మెదడు దాకా తీసుకుపోయి, వలలాంటి స్టెంటుతో గడ్డను పట్టి బయటికి లాగాలి. 2015లో నెదర్లాండ్స్‌లో 500 మందితో జరిగిన మిస్టర్ క్లీన్‌తో మొదలుపెట్టి ఒకే సంవత్సరంలో వెలువడిన ఐదు అధ్యయనాలు ఈ చికిత్సను స్థిరపరిచాయి. అది చేయగల ఆసుపత్రులు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి, కాబట్టి రోగిని మొదట ఎటు తిప్పాలన్నది రోడ్డు మీదే తేలాలి. అయితే ఇక్కడ కూడా ఉత్సాహానికి కళ్లెం వేయాలి. స్పెయిన్‌లోని కాటలోనియాలో 1401 మందితో జరిపిన రేస్‌క్యాట్ అధ్యయనంలో, దగ్గరి ఆసుపత్రిని దాటేసి నేరుగా పెద్ద కేంద్రానికి తీసుకుపోవడం వల్ల అదనపు మేలు కనిపించలేదు. అక్కడి చిన్న ఆసుపత్రులు ఇంజెక్షన్ త్వరగా ఇచ్చి, త్వరగా పంపగలిగేవి. మన పట్టణాల్లో అలా జరుగుతుందా అన్నది ఇక్కడ కొలిస్తేనే తెలుస్తుంది.

మామయ్యకు గడ్డ లాగే చికిత్స అవసరం పడలేదు. కానీ ఆ తరువాత మా ఆసుపత్రి క్యాథ్‌ల్యాబులో తీసిన ఒక గడ్డను, అక్కడి డాక్టరు అనుమతితో, దగ్గరి నుంచి చూశాను. తెల్లని గాజుగుడ్డ మీద, స్టెంటు వల కన్నుల్లో చిక్కుకొని, ముదురు చింతపండు పీచు ముక్కలా ఉన్నది. ఒక కొస నల్లటి ఎరుపు, రెండో కొస పాలిపోయిన తెలుపు. మొత్తం పొడవు చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఎదురుగా తెర మీద, అప్పటిదాకా కొమ్మ విరిగినట్టు కనిపించిన నాళం చివరిదాకా నిండుగా కనిపిస్తోంది. నర్సు ఆ గాజుగుడ్డను మడిచి బయో వ్యర్థాల పసుపు సంచిలో వేయబోతుంటే నేను ఆపి, ఫార్మలిన్ సీసా తెప్పించాను.

పాథాలజీలోని నా సహోద్యోగి దానిని పలుచగా కోసి, ఎంఎస్‌బీ అనే రంగు వేసి చూపించారు. ఎర్ర రక్తకణాలు పసుపుగా, ఫైబ్రిన్ ఎర్రగా కనిపించాయి. నల్లటి కొస అంతా పసుపు కణాల గుంపు, వాటి మధ్య పలుచని ఎర్ర దారాలు. తెల్లటి కొసలో ఫైబ్రిన్ దట్టంగా చాప అల్లినట్టు ఉండి, మధ్యమధ్య ప్లేట్‌లెట్ల ముద్దలు. ఒకే గడ్డలో రెండు నేలలు. ఎర్రకణాలు ఎక్కువగా ఉన్న గడ్డ మెత్తగా ఉండి మందుకు లొంగుతుంది, ఫైబ్రిన్, ప్లేట్‌లెట్లు ఎక్కువైన గడ్డ గట్టిగా నాళాన్ని పట్టుకొని వలకు కూడా సులువుగా రాదు. రోగుల మెదడు నుంచి తీసిన గడ్డలను ఇలా పరీక్షించడం 2006లో విక్టర్ మార్డర్ బృందంతో మొదలై, ఆ తరువాత అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి ఐర్లండ్‌లోని గాల్వే దాకా పెద్ద సేకరణలుగా ఎదిగింది. వాటిలో తేలిన ఒక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను పట్టడానికి తమ డీఎన్‌ఏనే వలగా విసురుతాయి, ఆ డీఎన్‌ఏ దారాలు మెదడు గడ్డల్లోనూ ఉన్నాయి. వాన్ విల్లీబ్రాండ్ అనే జిగురు ప్రోటీను కూడా ఉన్నది. మనమిచ్చే ఇంజెక్షన్ ఫైబ్రిన్‌ను కొరికే మార్గమే తెరుస్తుంది, డీఎన్‌ఏ జోలికి పోదు. ల్యాబులో ఇలాంటి గడ్డల మీద ఆ ఇంజెక్షన్‌తో పాటు డీఎన్‌ఏను కోసే ఎంజైమును కలిపితే త్వరగా కరిగాయి.

అయితే అందరికీ ఇంకో మందు కలిపి ఇస్తే సరిపోదా అంటే, సరిపోలేదు. అమెరికాలో 514 మందితో జరిగిన మోస్ట్ అధ్యయనంలో ఇంజెక్షన్‌కు తోడుగా కొందరికి రక్తం గడ్డకట్టకుండా అడ్డే ఆర్గాట్రోబాన్‌ను, కొందరికి ప్లేట్‌లెట్లను అడ్డే ఎప్టిఫిబటైడ్‌ను ఇచ్చారు. మేలు జరగదని తేలి మధ్యలోనే ఆపేశారు, 2024లో ఆ ఫలితం వెలువడింది. నా అభిప్రాయంలో, ఎవరి నాళంలో ఏ గడ్డ ఉందో తెలియకుండా అందరికీ ఒకే తోడుమందు ఇచ్చినంత కాలం ఇలాంటి ఫలితాలే వస్తాయి. గడ్డ లోపల ఏముందో దానిని బయటికి తీయకముందే చెప్పగల సూచిక రక్తంలో ఉందా అన్నదే ఇక్కడ వెతకవలసిన ప్రశ్న. దానికి దారి ఒక్కటే కనిపిస్తోంది. ఆసుపత్రికి చేరగానే తీసిన మొదటి రక్తపు ట్యూబునూ, ఆ తరువాత అదే రోగి మెదడు నుంచి తీసిన గడ్డనూ జంటగా దాచి, వందల జంటలను పోల్చి చూడాలి. ఎన్ని చోట్ల ఆ గడ్డ పసుపు సంచిలోకి, ఆ ట్యూబులో మిగిలిన రక్తం సింకులోకి పోతోందో తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఈ పని మన దగ్గర జరగాలని పట్టుబట్టడానికి ప్రాంతాభిమానం కారణం కాదు. హైదరాబాదు నిమ్స్‌లో సుభాష్ కౌల్ బృందం నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీ ఇరవయ్యేళ్ల క్రితమే ఒక సంగతి చూపింది. మన రోగుల్లో పుర్రె లోపలి పెద్ద నాళాల్లోనే కొవ్వు పేరుకొని ఇరుకైపోవడం పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ. ఐరోపా అధ్యయనాల్లో డెబ్బై దాటినవారు, గుండె లయ తప్పి అక్కడి నుంచి గడ్డ ఎగిరి వచ్చినవారు ఎక్కువ. గుండె నుంచి ఎగిరి వచ్చిన గడ్డ, మెదడు నాళంలోనే కొవ్వు పగిలి దాని మీద కట్టిన గడ్డ రక్తంలో ఒకే మోతాదు డీ-డైమర్ వదులుతాయని నేను నమ్మను. దీనికి తోడు మన దగ్గర చిన్న వయసులోనే రుమాటిక్ జబ్బుతో గుండె కవాటాలు చెడినవారు ఉన్నారు, క్షయ ఉంది, వర్షాకాలంలో డెంగీ ఉంది. వేరే దేశపు రోగుల మీద గీసిన గీతను తెచ్చి మన రిపోర్టు మీద "నార్మల్" అని అచ్చువేయడం ల్యాబు మనిషిగా నాకు సమ్మతం కాదు. ఆ మాటకొస్తే, ప్లేట్‌లెట్ల కోసం ఆగవద్దన్న మార్గదర్శకానికి కూడా మన దగ్గర ఒక చిన్న సవరణ కావాలంటాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా వచ్చే రోగి బంధువులను వారంలో జ్వరం వచ్చిందా అని అడగాలి. వచ్చిందంటే ప్లేట్‌లెట్ల కోసం ఆగాలి, యంత్రం మీద పెడితే రెండు మూడు నిమిషాల పని. రాలేదంటే ఆగకూడదు.

యంత్రాల సంగతి కూడా ఇంతే. తలకు దెబ్బ తగిలినవారి కోసం జీఎఫ్‌ఏపీని 15 నిమిషాల్లో కొలిచే చేతి యంత్రానికి అమెరికాలో 2024లో శరీరం నుంచి తీసిన రక్తంతోనే నేరుగా పరీక్షించే అనుమతి వచ్చింది, ప్లాస్మాను వేరుచేసే అవసరం పోయింది. కానీ దాని కార్ట్రిడ్జిలను ఫ్రిజ్‌లో ఉంచాలి, యంత్రం 16 నుంచి 30 డిగ్రీల మధ్యే సరిగ్గా పనిచేస్తుంది. మే నెలలో రామగుండం రోడ్డు మీద ఎండలో నిలబెట్టిన బండి లోపల ఎంత ఉంటుందో ఆ బండి నడిపేవారిని అడగాలి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది, ఆ తరువాత ఎన్నో రాష్ట్రాలు దానిని అందుకున్నాయి. బండిలో సూది పెట్టినప్పుడే ఒక ట్యూబు రక్తం తీసి, సమయం రాసి, ఆసుపత్రికి అందించే చిన్న అలవాటు కూడా ఇక్కడి నుంచే మొదలుకావచ్చు. యంత్రం వచ్చేలోగా కనీసం ఆ ట్యూబు ఉంటుంది.

మా ల్యాబులో మేము మార్చగలిగింది కొంత మార్చాం. పక్షవాతం రోగి స్కాన్ బల్ల మీద ఉండగానే అత్యవసర విభాగం నుంచి ఫోను వస్తుంది, ఎర్ర చీటీ అంటించిన ట్యూబు వరుసలో ఆగదు, ఐఎన్‌ఆర్ అవసరమైనవారికి వేలి రక్తంతో చూసే స్ట్రిప్పు యంత్రం అక్కడే పెట్టాం. రోగి రక్తం పలచబడే మందు వాడుతున్నాడా, ఇటీవల జ్వరం వచ్చిందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చీటీ మీద రాయకపోతే మేమే ఫోను చేసి అడుగుతాం. గడ్డనూ తొలి రక్తాన్నీ జంటగా దాచడానికి ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. అందులో కష్టమంతా తెలుగు సమ్మతి పత్రం దగ్గరే వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకొని వణుకుతున్న తల్లి నిమిషంలో చదివి అర్థం చేసుకోవాలి, ఆమె సంతకం కోసం చికిత్స ఒక్క క్షణం ఆగకూడదు.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు ఆ చిత్తుప్రతిని అత్తమ్మకు చదివి వినిపించాను. మామయ్య అరుగు మీద కూర్చొని ఎడమచేత్తో వేరుసెనక్కాయలు వొలుస్తున్నాడు. "మెదడులోని గడ్డను పరిశోధన కోసం భద్రపరచుటకు" అన్న వాక్యం దగ్గర అత్తమ్మ ఆపింది. "మెదడుల గడ్డ అంటే క్యాన్సర్ గడ్డ అనుకుంటరు బిడ్డా, గుండె ఆగిపోతది వాళ్లకు. గడ్డకట్టిన నెత్తురు అని రాయి" అన్నది. ఎథిక్స్ కమిటీకి పోయే ప్రతిలో ఇప్పుడు ఆ మాటే ఉంది.